క్వాంటం కంప్యూటర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్వాంటం కంప్యూటర్ గురించి ఎక్కువగా వినిపించే మాట "అది అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నిస్తుంది" అన్నది. ఆ యంత్రం మీద లేనిపోని ఆశలు, లేనిపోని భయాలు పుట్టడానికి ఈ ఒక్క మాటే చాలావరకు కారణం. దాన్ని పక్కన పెట్టి, లోపల నిజంగా ఏమి జరుగుతుందో చెప్పడానికే ఈ పేజీ. ఉన్నత పాఠశాల గణితం గుర్తుంటే సరిపోతుంది. రెండు చోట్ల మాత్రం కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

క్వాంటం కంప్యూటర్ అంటే ఏమిటి?

అణువులు, ఎలక్ట్రాన్లు, కాంతి కణాల వంటి అతి సూక్ష్మమైన వాటి ప్రవర్తనను వివరించే నియమాలను నేరుగా లెక్కలు చేయడానికి వాడుకునే యంత్రం.

"నేరుగా" అన్న మాటను గమనించండి. మన ఫోనులోని ట్రాన్సిస్టర్ పనిచేసేది కూడా క్వాంటం సిద్ధాంతం వల్లనే. కానీ ఆ చిప్పు చేసే లెక్కలో క్వాంటం ఏమీ లేదు. అందులో ప్రతి బిట్ ఏ క్షణంలో చూసినా 0 గానో 1 గానో ఉంటుంది, ఆ సున్నాలనూ ఒకట్లనూ మార్చే నియమాలు మామూలు తర్కశాస్త్రానివే. క్వాంటం కంప్యూటర్‌లో లెక్క చేసే పద్ధతే వేరు.

అసలు 'క్వాంటం' అంటే?

ఇంతకన్నా చిన్నదిగా విడగొట్టలేని ఒక మోతాదు. వేడెక్కిన వస్తువులు వెలువరించే కాంతిని వివరించడానికి 1900లో మాక్స్ ప్లాంక్, శక్తి ధారలా కాకుండా విడివిడి మోతాదులుగా మారుతుందని ప్రతిపాదించారు. అక్కడ మొదలైన శాస్త్రానికి ఆ పేరే స్థిరపడింది. వేగాన్నో, పరిమాణాన్నో సూచించే మాట కాదిది.

క్యూబిట్ అంటే ఏమిటి?

క్వాంటం కంప్యూటర్‌లో సమాచారానికి మూల ప్రమాణం. రెండు స్పష్టమైన స్థితులున్న ఏ సూక్ష్మ వ్యవస్థతోనైనా దాన్ని తయారు చేయవచ్చు: ఒక అయాన్‌లోని (విద్యుదావేశం ఉన్న పరమాణువులోని) రెండు శక్తి స్థాయిలు, ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే స్పిన్ అనే అయస్కాంత గుణం, అతివాహక లోహంతో (బాగా చల్లబరిస్తే విద్యుత్తును నిరోధం లేకుండా పంపే లోహంతో) చేసిన చిన్న విద్యుత్ వలయం, ఒక కాంతి కణం.

మామూలు బిట్‌ను వర్ణించడానికి ఒక అంకె చాలు. క్యూబిట్‌కు రెండు సంఖ్యలు కావాలి, ఒకటి 0 కి, మరొకటి 1 కి. వీటిని ఆంప్లిట్యూడ్‌లు అంటారు. క్యూబిట్‌ను కొలిచినప్పుడు మనకు దొరికేది 0 లేదా 1 మాత్రమే. ఏది ఎంత సంభావ్యతతో వస్తుందన్నది దానికి చెందిన సంఖ్య పరిమాణపు వర్గాన్ని బట్టి ఉంటుంది. రెండు సంఖ్యలూ సున్నా కాకుండా ఉన్న స్థితిని సూపర్‌పొజిషన్ అంటారు.

దీన్ని గాలిలో తిరుగుతున్న నాణెంతో పోల్చడం ఆనవాయితీ. ఆ పోలిక సగం దాకానే వస్తుంది. నాణేనికి ఉండేవి సంభావ్యతలు, అవి ఎప్పుడూ సున్నా కన్నా తక్కువ కావు. ఆంప్లిట్యూడ్ రుణ సంఖ్య కావచ్చు, సంకీర్ణ సంఖ్య కూడా కావచ్చు. రుణ సంఖ్య ధన సంఖ్యతో కలిస్తే రెండూ కొట్టుకుపోతాయి. నాణెంతో ఎప్పటికీ జరగని ఈ పనిలోనే క్వాంటం కంప్యూటర్ బలమంతా ఉంది.

అయితే అది అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నించదా?

ప్రయత్నిస్తుంది అనడానికి ఒక చిన్న ఆధారం ఉన్నమాట నిజమే. రెండు క్యూబిట్లను వర్ణించడానికి నాలుగు ఆంప్లిట్యూడ్‌లు కావాలి. మూడింటికి ఎనిమిది, 300 క్యూబిట్లకు 2 ని 300 సార్లు వేసి గుణించినంత. మన కంటికి అందే విశ్వంలో ఉన్నాయని అంచనా వేసే పరమాణువుల సంఖ్య కూడా అంతకన్నా చాలా చిన్నది. ఇన్ని అవకాశాలూ ఉన్న సూపర్‌పొజిషన్ మీద ఒక్క ఆపరేషన్ చేస్తే అది అన్నిటి మీదా పనిచేస్తుంది.

కానీ ఆ ఫలితాలన్నీ మన చేతికి రావు. కొలవగానే అన్నిట్లోనుంచి ఏదో ఒకటి మాత్రమే కనిపిస్తుంది, మిగిలినవన్నీ పోతాయి. ఆ ఒక్కటి కూడా యాదృచ్ఛికంగా వస్తుంది. ఇంతటితో ఆగిపోతే, కళ్లు మూసుకుని ఒక జవాబును ఊహించడం కన్నా ఇది ఏమీ మెరుగు కాదు. కొలిచే లోపలే తప్పు జవాబుల ఆంప్లిట్యూడ్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైన జవాబుది పెరిగేలా లెక్కను నడిపించాలి. దీన్నే వ్యతికరణం అంటారు. నీటి అలల్లో, కాంతిలో కనిపించేదీ ఇదే. క్వాంటం అల్గారిథం, అంటే లెక్క చేసే అడుగుల వరస, రాయడమంటే ఈ కొట్టివేతను ఏర్పాటు చేయడమే. అది ఏ సమస్యకు కుదురుతుందో ఆ సమస్యలోనే ఈ యంత్రానికి లాభం ఉంటుంది. చాలా సమస్యలకు ఎలా ఏర్పాటు చేయాలో ఎవరికీ తెలియదు.

ఆ కొట్టివేత ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ చూపిస్తారా?

రెండు క్యూబిట్లు తీసుకుందాం. నాలుగు అవకాశాలు: 00, 01, 10, 11. వీటిలో ఒకటే సరైనది. అది 10 అనుకుందాం. మన దగ్గర ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, ఏ అవకాశం ఇచ్చినా సరైనదా కాదా తేల్చి చెబుతుంది. మామూలు కంప్యూటర్ ఒక్కొక్కటిగా అడుగుతూ పోవాలి. అదృష్టం బాగాలేకపోతే మూడు సార్లు అడగాలి.

క్వాంటం పద్ధతిలో మొదట నాలుగింటికీ సమానమైన ఆంప్లిట్యూడ్ ఇస్తాం: ½, ½, ½, ½. ఒక్కొక్క దాని వర్గం ¼, అంటే ఏదైనా వచ్చే అవకాశం 25 శాతం.

ఇప్పుడు ఆ ప్రోగ్రాంను ఒక్కసారి నడుపుతాం. అది సరైన దాని గుర్తును మాత్రమే మారుస్తుంది: ½, ½, −½, ½. ఇక్కడే కొలిస్తే ఉపయోగం లేదు, వర్గాలు ఇంకా ¼ గానే ఉన్నాయి.

తరువాతి అడుగులో నాలుగింటి సగటు తీస్తాం. అది ¼. ప్రతి సంఖ్యనూ ఈ సగటుకు అవతలి వైపుకు, అంతే దూరంలోకి మారుస్తాం. ½ సగటు కన్నా ¼ ఎక్కువ, కాబట్టి సగటు కన్నా ¼ తక్కువకు వస్తుంది, అంటే సున్నా అవుతుంది. −½ సగటు కన్నా ¾ తక్కువ, కాబట్టి ¾ ఎక్కువకు వెళ్తుంది, అంటే 1 అవుతుంది. ఇప్పుడున్నవి 0, 0, 1, 0. కొలిస్తే కచ్చితంగా 10 వస్తుంది. ప్రోగ్రాంను అడిగింది ఒక్కసారే.

బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న లవ్ గ్రోవర్ 1996లో ప్రకటించిన పద్ధతి ఇది. అవకాశాలు పది లక్షలుంటే ఈ రెండు అడుగులనూ సుమారు 785 సార్లు వేయాలి. మామూలు కంప్యూటర్‌కు సగటున ఐదు లక్షల సార్లు పడుతుంది. ఇందులో నాకు ఎంతో నచ్చే విషయం ఒకటుంది: 785 దగ్గర ఆగకుండా ఇంకా కొనసాగిస్తే సరైన జవాబు వచ్చే అవకాశం మళ్లీ తగ్గిపోతుంది. అన్నీ ఒకేసారి ప్రయత్నించే యంత్రమే అయితే ఎక్కువసేపు పనిచేసినందుకు ఫలితం పాడవకూడదు కదా. తిరిగి తిరిగి ఊగే ఆంప్లిట్యూడ్‌ను సరైన క్షణంలో పట్టుకోవాలి.

లాభం ఎంతో కూడా గమనించండి. అడుగుల సంఖ్య వర్గమూలానికి తగ్గింది, అంతే. క్వాంటం యంత్రంలో ఒక్కో అడుగు మామూలు చిప్పులోకన్నా చాలా నెమ్మది కాబట్టి, ఈ లాభం వాడుకలో కనిపించాలంటే సమస్య చాలా పెద్దదై ఉండాలి.

ఎంటాంగిల్‌మెంట్ అంటే? దానితో కాంతి కన్నా వేగంగా కబురు పంపవచ్చా?

పంపలేం. రెండు క్యూబిట్లను విడివిడిగా వర్ణించడం కుదరని ఉమ్మడి స్థితినే ఎంటాంగిల్‌మెంట్ అంటారు. ఒకదాన్ని కొలిస్తే వచ్చే ఫలితానికీ రెండోదాని ఫలితానికీ గట్టి సంబంధం ఉంటుంది, అవి ఎంత దూరాన ఉన్నా సరే. కానీ ఎవరి వైపు చూసినా వచ్చేది యాదృచ్ఛికమైన 0 లు, 1 లే. ఇద్దరూ తమ జాబితాలను మామూలు దారిలో పంపించుకుని పోల్చుకుంటే తప్ప ఆ సంబంధం బయటపడదు. ఇది నిజంగా ఉందని ప్రయోగాలతో నిలబెట్టిన అలెన్ ఆస్పే, జాన్ క్లాసర్, ఆంటన్ జైలింగర్‌లకు 2022లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

కంప్యూటర్‌కు సంబంధించినంతవరకు, ఎంటాంగిల్‌మెంట్ లేకపోతే 300 క్యూబిట్లను 300 జతల సంఖ్యలతో కాగితం మీద రాసేయవచ్చు. వాటిని మామూలు కంప్యూటర్ సులువుగా అనుకరించగలదు.

ఈ ఆలోచన ఎవరిది?

ఒక్కరిది కాదు. 1980లో పాల్ బెనియోఫ్ క్వాంటం నియమాలతో నడిచే లెక్కల యంత్రానికి నమూనా రాశారు. అదే ఏడాది సోవియట్ గణితవేత్త యూరీ మానిన్ కూడా ఇటువంటి ఆలోచన చేశారు. 1981లో ఎం.ఐ.టి.లో జరిగిన సమావేశంలో రిచర్డ్ ఫైన్‌మన్ సూటిగా చెప్పారు: ప్రకృతి క్వాంటం నియమాలతో నడుస్తున్నప్పుడు, దాన్ని అనుకరించే యంత్రం కూడా వాటితోనే నడవాలి. 1985లో డేవిడ్ డాయిచ్ ఏ క్వాంటం లెక్కనైనా చేయగల సార్వత్రిక యంత్రాన్ని గణిత రూపంలో నిర్వచించారు.

పదేళ్లకు పైగా ఇది కొద్దిమంది ఆసక్తిగానే ఉండిపోయింది. 1994లో గణితవేత్త పీటర్ షోర్ వచ్చాక పరిస్థితి మారింది.

షోర్ ఏమి కనిపెట్టారు? రహస్య సంకేతాలతో దానికేమిటి సంబంధం?

పెద్ద సంఖ్యను దాని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం మామూలు కంప్యూటర్లకు చాలా కష్టం. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని కాపాడే ఆర్‌.ఎస్‌.ఎ. పద్ధతి ఈ కష్టం మీదే ఆధారపడింది. మామూలు కంప్యూటర్లతో విడగొట్టిన ఈ తరహా సంఖ్యల్లో 2020లో లెక్క తేల్చిన 250 అంకెల సంఖ్య ప్రసిద్ధమైనది. నిజజీవితంలో విరివిగా వాడే 2048 బిట్ల సంఖ్యలో 617 అంకెలుంటాయి.

షోర్ చేసిందేమిటో 15 అనే సంఖ్యతో చూద్దాం. ఏదైనా ఒక చిన్న సంఖ్య, 7 తీసుకోండి. దాన్ని మళ్లీ మళ్లీ 7తో గుణిస్తూ, ప్రతిసారీ 15తో భాగించి శేషం రాయండి. 7, తరువాత 49కి శేషం 4, తరువాత ఆ 4ను 7తో గుణించిన 28కి శేషం 13, తరువాత 91కి శేషం 1. ఆపైన మళ్లీ 7, 4, 13, 1. నాలుగు అడుగులకొకసారి తిరిగి వస్తోంది. ఈ ఆవృత్తి 4 తెలిస్తే చాలు. దానిలో సగం 2, కాబట్టి 7ను రెండు సార్లు వేసి గుణిస్తే 49. దానికి అటూ ఇటూ ఉన్న 48, 50 తీసుకోండి. 48కీ 15కీ గ.సా.భా. 3. 50కీ 15కీ గ.సా.భా. 5. పదిహేను విడిపోయింది.

617 అంకెల సంఖ్యకు ఈ ఆవృత్తి ఊహకందనంత పెద్దది, శేషాలు రాసుకుంటూ పోతే విశ్వం వయసు చాలదు. అయితే ఆవృత్తి అంటేనే క్రమంగా తిరిగి వచ్చేది, అలలాంటిది. వ్యతికరణం సరిగ్గా పనిచేసేది ఇక్కడే. శేషాలన్నిటినీ సూపర్‌పొజిషన్‌లో ఉంచి, క్వాంటం ఫోరియే పరివర్తనం అనే ఆపరేషన్ చేస్తే ఆవృత్తితో పొసగని అవకాశాలు కొట్టుకుపోతాయి. మిగిలిన వాటిని కొలిచి ఆవృత్తిని రాబట్టవచ్చు. గ.సా.భా. లెక్కను మామూలు కంప్యూటరే చేస్తుంది.

అంటే నా సమాచారం ఇప్పుడు ప్రమాదంలో ఉందా?

ఈ రోజు ఏ క్వాంటం కంప్యూటర్ కూడా వాడుకలో ఉన్న ఆర్‌.ఎస్‌.ఎ. తాళాన్ని తెరవలేదు. 2001లో ఐ.బి.ఎం., స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు క్యూబిట్లతో షోర్ పద్ధతిలో విడగొట్టిన సంఖ్య 15. ఆ తరువాతి ప్రయోగాలు కూడా చిన్న సంఖ్యల దగ్గరే ఉన్నాయి.

ఆందోళన వేరే చోట ఉంది. ఈ రోజు దొంగిలించి దాచిపెట్టిన రహస్య సమాచారాన్ని, శక్తిమంతమైన యంత్రం వచ్చాక తెరవవచ్చు. వైద్య చరిత్ర, ప్రభుత్వ పత్రాలు పది, ఇరవై ఏళ్ల తరువాత కూడా రహస్యంగానే ఉండాలి. అందుకే మార్పు ముందే మొదలైంది. అమెరికాకు చెందిన ప్రమాణాల సంస్థ ఎన్‌.ఐ.ఎస్‌.టి. 2016లో కొత్త పద్ధతులను ఆహ్వానించి, ఏళ్ల తరబడి పరీక్షించి, 2024 ఆగస్టులో మొదటి మూడు ప్రమాణాలను విడుదల చేసింది. ఇవి మామూలు కంప్యూటర్లలోనే నడుస్తాయి. వీటి వెనక ఉన్న గణిత సమస్యలను షోర్ పద్ధతి ఛేదించలేదు. మీరుగా చేయవలసింది పెద్దగా లేదు. ఫోనుకూ బ్రౌజర్‌కూ వచ్చే అప్‌డేట్‌లను వాయిదా వేయకండి, ఈ మార్పు ఆ దారిలోనే మీ దగ్గరకు వస్తుంది.

అన్ని సంకేతాలూ కుప్పకూలుతాయన్నది కూడా నిజం కాదు. ఒకే రహస్య తాళంతో సమాచారాన్ని మూసి తెరిచే ఎ.ఇ.ఎస్. వంటి పద్ధతుల మీద షోర్ పనిచేయదు, గ్రోవర్ పద్ధతి మాత్రమే కొంత పనికొస్తుంది. 256 బిట్ల తాళం వాడితే దాని ప్రభావానికి భయపడనక్కరలేదు.

ఇది నా ల్యాప్‌టాప్ స్థానంలోకి వస్తుందా?

రాదు. ఉత్తరాలు రాయడం, వీడియోలు చూడడం, జాబితాలు పెట్టుకోవడం వంటి పనుల్లో వ్యతికరణంతో ఒరిగేదేమీ లేదు.

మరి దేనికి పనికొస్తుంది?

నా దృష్టిలో ఫైన్‌మన్ చెప్పినదే ఇప్పటికీ అన్నిటికన్నా గట్టి కారణం: అణువులనూ పదార్థాలనూ అర్థం చేసుకోవడం. ఒక రసాయన చర్యలో పదుల కొద్దీ ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నప్పుడు, మామూలు కంప్యూటర్ ఉజ్జాయింపులతో సరిపెట్టుకోవాలి. ఉత్ప్రేరకాలు, బ్యాటరీ పదార్థాలు, అతివాహకాల విషయంలో ఆ ఉజ్జాయింపులు తరచుగా చాలవు.

కృత్రిమ మేధ, రవాణా ప్రణాళికలు, పెట్టుబడుల లెక్కల గురించి వినిపించే వాగ్దానాలను మాత్రం జాగ్రత్తగా వినండి. సిఫార్సులు చేసే ఒక క్వాంటం అల్గారిథం మామూలు పద్ధతులకన్నా ఎన్నో రెట్లు వేగవంతమైనదని నమ్మేవారు. 2018లో ఈవిన్ టాంగ్ అనే విద్యార్థిని దాదాపు అంతే సమర్థంగా పనిచేసే మామూలు అల్గారిథం రాసి చూపించారు. క్వాంటం పద్ధతి గెలిచిందని చెప్పేవారిని, ఏ మామూలు పద్ధతితో పోల్చారో అడగాలి.

క్వాంటం కంప్యూటర్‌కు అంత చల్లదనం ఎందుకు?

అన్నిటికీ అవసరం లేదు. ఫోటోల్లో కనిపించే బంగారు రంగు పళ్లేల గోపురం అతివాహక క్యూబిట్లను చల్లబరిచే యంత్రం. అసలు చిప్పు దాని అడుగున ఉంటుంది. అక్కడి ఉష్ణోగ్రత పరమ శూన్యానికి, అంటే −273.15 డిగ్రీల సెల్సియస్‌కు, ఒక డిగ్రీలో నూరో వంతు పైన. ఈ వలయాల్లో 0 కీ 1 కీ మధ్య శక్తి తేడా చాలా తక్కువ. ఏ కాస్త వేడి ఉన్నా 0 తనంతట తాను 1 గా మారిపోతుంది. చేత్తో పట్టుకోదగిన విద్యుత్ వలయం కూడా క్వాంటం నియమాలను పాటిస్తుందని 1980లలో చూపించిన జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్ 2025లో నోబెల్ అందుకున్నారు.

గాలి లేని శూన్యంలో విద్యుత్ క్షేత్రాలతో అయాన్లను పట్టి ఉంచి, లేజర్లతో నడిపించే యంత్రాలు మరో రకం. వాటిలో క్యూబిట్లు సెకన్ల కొద్దీ, ఒక్కోసారి నిమిషాల కొద్దీ నిలబడతాయి, కానీ ఆపరేషన్లు నెమ్మది. అతివాహక క్యూబిట్లు ఒక ఆపరేషన్‌ను సెకనులో కోట్లవ వంతులో ముగిస్తాయి, కానీ వాటి స్థితి మిల్లీసెకను నిలవడమే గొప్ప. తటస్థ పరమాణువులతో, కాంతి కణాలతో పనిచేసే బృందాలూ ఉన్నాయి. చివరికి ఏది నిలుస్తుందో ఇంకా తేలలేదు.

తప్పులను ఎందుకు సరిదిద్దలేకపోతున్నారు?

సరిదిద్దుతున్నారు, అదే ఈ రంగంలో అన్నిటికన్నా కష్టమైన, అన్నిటికన్నా ముఖ్యమైన పని. మంచి యంత్రాల్లో కూడా రెండు క్యూబిట్ల ఆపరేషన్లు సుమారు వెయ్యికి ఒకటి చొప్పున తప్పుతాయి. 617 అంకెల సంఖ్యను విడగొట్టడానికి వందల కోట్ల ఆపరేషన్లు కావాలి.

మామూలు కంప్యూటర్లలో ఒక బిట్‌ను మూడు చోట్ల రాసి, మెజారిటీని బట్టి సరిచేయవచ్చు. కానీ తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే రుజువైంది. తప్పు జరిగిందా అని తొంగి చూస్తే ఆ చూపే స్థితిని పాడుచేస్తుంది. అందుకే సరిదిద్దడం ఎప్పటికీ కుదరదని చాలామంది భావించారు. 1995లో షోరే ఒక దారి చూపించారు: ఒక క్యూబిట్ సమాచారాన్ని తొమ్మిది క్యూబిట్ల ఉమ్మడి స్థితిలో దాచి, స్థితిని చూడకుండా వాటి మధ్య పొంతన ఉందా లేదా అన్నది మాత్రమే కొలవడం. పొంతన ఎక్కడ తప్పిందో తెలిస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది, దాచిన సమాచారం మాత్రం చెక్కుచెదరదు.

ఇలా దాచడానికి వాడే అదనపు క్యూబిట్లు కూడా తప్పులు చేస్తాయి. అందుకని ఒక హద్దు ఉంది. క్యూబిట్ల నాణ్యత ఆ హద్దు దాటితేనే, సంఖ్య పెంచినకొద్దీ తప్పులు తగ్గుతాయి. 2024లో గూగుల్ తన 105 క్యూబిట్ల విల్లో చిప్పు మీద దీన్ని చూపించింది. 3×3 క్యూబిట్ల అమరిక నుంచి 5×5 కు, అక్కడి నుంచి 7×7 కు వెళ్లినప్పుడు ప్రతి మెట్టులోనూ తప్పుల రేటు సగానికి పైగా పడిపోయింది. మూడు దశాబ్దాలుగా కాగితం మీదున్న వాగ్దానం చిప్పు మీద నిలబడింది. ఈ రంగంలో ఇటీవల జరిగిన వాటిలో నేను అన్నిటికన్నా విలువైనదిగా ఎంచేది ఇదే.

ఎక్కువ క్యూబిట్లుంటే గొప్ప యంత్రమేనా?

కాదు. 2023లో ఐ.బి.ఎం. 1,121 క్యూబిట్ల కాండర్ చిప్పును ప్రకటించింది, కానీ ఆ తరువాత తక్కువ క్యూబిట్లతో, మెరుగైన నాణ్యతతో ఉన్న చిప్పులనే ముందుకు తెచ్చింది. డి-వేవ్ సంస్థ యంత్రాల్లో వేల కొద్దీ ఉంటాయి, కానీ అవి అనీలింగ్ అనే వేరే పద్ధతిలో ఒక తరహా సమస్యలకే పనిచేస్తాయి. షోర్ అల్గారిథం వాటి మీద నడవదు. వార్తలో క్యూబిట్ల సంఖ్య కనిపిస్తే, ఆపరేషన్లలో తప్పుల రేటు ఎంతో కూడా ఉందేమో వెతకండి.

2019లో గూగుల్ సాధించినది ఏమిటి?

సికమోర్ అనే 53 క్యూబిట్ల చిప్పు ఒక లెక్కను 200 సెకన్లలో ముగించింది. అదే లెక్కకు అప్పటి సూపర్ కంప్యూటర్‌కు 10,000 ఏళ్లు పడుతుందని గూగుల్ చెప్పింది. రెండున్నర రోజులు చాలని ఐ.బి.ఎం. వెంటనే వాదించింది, తరువాత ఇతరులు ఇంకా వేగవంతమైన మామూలు పద్ధతులు కనిపెట్టారు. ఆ లెక్కకు వాడుక ఏమీ లేదు, యంత్రాన్ని పరీక్షించడానికే ఎంచుకున్నది. అయినా అది ముఖ్యమైన ప్రయోగమే, ఎందుకంటే అంత పెద్ద సూపర్‌పొజిషన్‌ను అదుపులో నడపవచ్చని తేలింది.

నిజంగా ఉపయోగపడే యంత్రం ఎప్పుడు వస్తుంది?

తేదీ చెప్పేవారిని నమ్మకండి. దూరం ఎంతో మాత్రం కొలవవచ్చు. 2048 బిట్ల ఆర్‌.ఎస్‌.ఎ. సంఖ్యను ఎనిమిది గంటల్లో విడగొట్టడానికి రెండు కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరో అంచనా వేశారు. 2025లో గిడ్నీయే ఆ అంచనాను పది లక్షల లోపుకు దించారు, సమయం వారం లోపు. ఇప్పుడున్నవి వందల్లో, వేలల్లో. యంత్రాలు పైకి ఎదుగుతున్నాయి, అల్గారిథంలు అవసరాన్ని కిందికి దించుతున్నాయి. దూరం రెండు వైపుల నుంచీ తగ్గుతోంది.

నేర్చుకోవాలంటే భౌతికశాస్త్రం చదివి ఉండాలా?

అక్కరలేదు. మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత బాగా వస్తే మొదలుపెట్టవచ్చు. కిస్కిట్, సర్క్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మీ కంప్యూటర్‌లోనే నడపవచ్చు, చిన్న క్వాంటం లెక్కలను అవి అనుకరిస్తాయి. 20 క్యూబిట్ల దాకా మామూలు ల్యాప్‌టాప్ చాలు. 30 క్యూబిట్లకు ఆంప్లిట్యూడ్‌లు దాచుకోవడానికే సుమారు 17 గిగాబైట్ల మెమరీ కావాలి, ఆపైన ప్రతి క్యూబిట్‌కూ అది రెట్టింపవుతుంది. ఐ.బి.ఎం. 2016 నుంచి నిజమైన యంత్రాలను ఇంటర్నెట్ ద్వారా అందరికీ అందుబాటులో ఉంచుతోంది. ముందు అనుకరణలో నడిపి, తరువాత అదే ప్రోగ్రాంను అసలు యంత్రానికి పంపి, రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తప్పుల రేటు అంటే ఏమిటో అప్పుడు అంకెల్లో కనిపిస్తుంది.